అడ్డుకుని గెలిచినవాళ్లకు గద్దెనెక్కాక ఏం జరుగుతోంది? విశాఖ నుంచి చూస్తే

సీతమ్మధార_సత్యం

మన ఎయిర్‌పోర్టు నుంచే మొదలుపెడతాను. 2017 జనవరి 26న ప్రత్యేక హోదా కోసం ఆర్కే బీచ్‌లో మౌన నిరసనకు యువత పిలుపునిచ్చింది. మద్దతుగా వచ్చిన అప్పటి ప్రతిపక్ష నేత జగన్‌ను ఎయిర్‌పోర్టులోనే ఆపేసి వెనక్కి పంపారు. అప్పుడు టీడీపీ ప్రభుత్వం. 2020 ఫిబ్రవరి 27న అదే ఎయిర్‌పోర్టు దగ్గర చంద్రబాబు కాన్వాయ్‌ను వైసీపీ వాళ్లు గంటల తరబడి కదలనివ్వలేదు. చివరికి పోలీసులు ఆయన్నే అదుపులోకి తీసుకుని తిప్పి పంపారు. 2022 అక్టోబరులో పవన్ కల్యాణ్ వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు దగ్గర మంత్రుల కార్ల మీద దాడి జరిగింది, ఆ తర్వాత ఆయన్ని హోటల్ దాటనివ్వలేదు.

ఎవరిది ఎక్కువ తప్పు అని తేల్చడానికి ఈ చర్చ పెట్టలేదు. ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్లూ అడ్డుకోవడమే పనిగా పెట్టుకున్న పార్టీకి, అధికారం వచ్చాక ఆ పనే ఎలా ఎదురు తిరుగుతుందో మాట్లాడుకుందాం. అడ్డుకుంటే ఎన్నిక గెలవచ్చు, కాదనను. కానీ గెలిచాక తాము కూర్చోబోయే కుర్చీ కాళ్లను ముందే విరగ్గొట్టుకుంటున్నారని నా బాధ.

హోదా సంగతే చూడండి. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ ఐదేళ్లు ఇస్తామన్నారు. అటువైపు నుంచి బీజేపీ నేత వెంకయ్య నాయుడు ఐదేళ్లు చాలదు, పదేళ్లు కావాలన్నారు. మూడు నెలల్లో ఆయన పార్టీయే అధికారంలోకి వచ్చింది, హోదా రాలేదు. 2016 సెప్టెంబరులో ప్యాకేజీ అన్నారు, టీడీపీ సరేనంది. వైసీపీ అదే అస్త్రంగా ఊరూరా తిరిగింది, ఎంపీలందరినీ మాకిస్తే హోదా తెస్తామంది. 2019లో 25కి 22 సీట్లు ఇచ్చారు జనం. గెలిచి ప్రమాణ స్వీకారం కూడా చేయకముందే ఢిల్లీ వెళ్లిన జగన్, బీజేపీకి సొంతంగా మెజారిటీ వచ్చింది కాబట్టి అడుగుతూనే ఉండటం తప్ప మార్గం లేదని చెప్పాల్సి వచ్చింది. ఎదుటివాళ్ల మీద వేసిన ప్రశ్న ఒక్కో పార్టీ దగ్గరికీ వరసగా తిరిగొచ్చింది.

మీరేమంటారు?

మోడరేటర్

పార్టీల పేర్లు, నాయకుల పేర్లు రాయొచ్చు. తిట్లు, కులం ప్రస్తావనలు కనిపిస్తే తీసేస్తాం.

ఉక్కునగరం_అప్పారావు

సత్యం గారూ, మీ మాటలో సగమే ఒప్పుకుంటాను. అడ్డుకోవడం అంటేనే చెడ్డపని అన్నట్టు మొదలుపెట్టారు. మా విశాఖ ఉక్కు ప్లాంటు సంగతి చూడండి. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ వంద శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ వార్త బయటికొచ్చాక కూర్మన్నపాలెం నిరసన శిబిరం మొదలైంది. బంద్‌లు, నిరాహార దీక్షలు, రోడ్ల మీద వంటావార్పు, అన్నీ చేశాం. అన్ని పార్టీలూ వచ్చి కూర్చున్నాయి. ఆ అడ్డు లేకపోతే ఈపాటికి ప్లాంటు ఎవరి చేతిలో ఉండేదో! 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చిందంటే ఎవరి దయా కాదు.

అంతకుముందు 1966లో అమృతరావు గారి దీక్ష, ఆ ఉద్యమంలో పోయిన 32 ప్రాణాలు లేకపోతే ఈ ఊళ్లో ఉక్కు కర్మాగారమే ఉండేది కాదు. మర్యాదగా అర్జీలు పెట్టుకుంటే ఏదీ వచ్చిన ఊరు కాదిది. పైవాళ్లు ఒంటెత్తు పోకడ పోతున్నప్పుడు కిందవాళ్ల చేతిలో మిగిలేది అడ్డం పడటమే.

భీమిలి_లాయర్

అప్పారావు గారూ, మీరు చెప్పింది ప్రజా ఉద్యమం. దానికీ, సభలో కూర్చునే హక్కున్న పార్టీ సభనే నడవనివ్వకపోవడానికీ తేడా చూడాలి. మీకు ఓటు తప్ప సభలో గొంతు లేదు, అందుకని రోడ్డెక్కారు. వాళ్లకు గొంతిచ్చి పంపించాం.

నేను పెట్టే ఉదాహరణ శాసనమండలి. మన విశాఖ భవిష్యత్తు దాంతో ముడిపడింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1983లో ఎన్టీఆర్ గెలిచేసరికి మండలిలో మెజారిటీ కాంగ్రెస్‌ది. అడుగడుగునా అడ్డంకులే. మండలే వద్దని ఆయన అసెంబ్లీలో తీర్మానం చేశారు, 1985 జూన్‌లో రద్దయింది. 2007లో వైఎస్ మళ్లీ తెచ్చారు. ఇక్కడిదాకా ఎవరి వైఖరి ఏమిటో స్పష్టంగా ఉంది: టీడీపీకి మండలి అక్కర్లేదు, వైఎస్ వారసులకు కావాలి.

2020 జనవరికి వద్దాం. విశాఖ కార్యనిర్వాహక రాజధాని అనే మూడు రాజధానుల బిల్లు, సీఆర్‌డీఏ (అమరావతి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) రద్దు బిల్లు అసెంబ్లీలో నెగ్గి మండలికి వచ్చాయి. 58 మంది ఉన్న మండలిలో వైసీపీకి పదిమంది కూడా లేరు, మెజారిటీ టీడీపీది. ముందు టీడీపీ వాళ్లు ప్రభుత్వ విధానాన్ని వ్యతిరేకిస్తూ రూల్ 71 కింద తీర్మానం పెట్టారు. జనవరి 22న చైర్మన్ షరీఫ్ గారు తన విచక్షణాధికారం వాడి బిల్లుల్ని సెలక్ట్ కమిటీకి, అంటే సభ్యుల పరిశీలనా సంఘానికి, పంపుతున్నట్టు ప్రకటించారు. ఐదు రోజులు తిరక్కుండా వైసీపీ ప్రభుత్వం మండలి రద్దుకు తీర్మానం చేసింది. తండ్రి తెచ్చిన సభను కొడుకు తీసేయాలన్నారు. ఒకప్పుడు ఆ సభను తీసేసిన పార్టీ దాని పవిత్రత గురించి మాట్లాడింది.

జూన్‌లో ఇంకో మెట్టు పైకెళ్లారు. మండలి గొడవల్లో ద్రవ్య వినిమయ బిల్లు కూడా ఆమోదం పొందకుండానే సభ నిరవధికంగా వాయిదా పడింది. ద్రవ్య బిల్లును మండలి 14 రోజులకు మించి ఆపలేదు. కానీ ఆ 14 రోజులూ గడిచేదాకా ఖజానా నుంచి డబ్బు తీయడానికి లేదు. ఆ జులైలో ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు ఆలస్యమయ్యాయి. బిల్లుతో, రాజధానితో ఏ సంబంధం లేని టీచరూ, నర్సూ ఎదురు చూడాల్సి వచ్చింది.

2021 నవంబరుకల్లా మండలిలో వైసీపీ బలం పెరిగింది. రద్దు తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. 2024లో ప్రభుత్వం మారింది. ఇప్పుడు మండలిలో మెజారిటీ వైసీపీది, చైర్మన్ కూడా ఆ పార్టీ నుంచి వచ్చినవారే. అసెంబ్లీలో 11 మందికి పడిపోయిన ఆ పార్టీకి మండలే దిక్కయింది. మండలిలో వాళ్ల నాయకుడు బొత్స సత్యనారాయణ గారు ఎన్నికైంది ఎక్కడి నుంచో కాదు, 2024 ఆగస్టులో మన విశాఖ స్థానిక సంస్థల స్థానం నుంచే, ఏకగ్రీవంగా. ఇవాళ మండలిలో బిల్లులకు అడ్డు తగిలితే టీడీపీ ఏ నోటితో తప్పంటుంది? 2020లో దారి వేసింది తామే.

ఏయూ_స్టూడెంట్

లాయర్ గారూ, మరి మండలి ఆపితే బిల్లు నిజంగా ఆగిపోతుందా? ఎంతకాలం ఆపగలదు?

భీమిలి_లాయర్

రాజ్యాంగం 197వ అధికరణం ప్రకారం మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల. అంతే. ఆ తర్వాత మండలి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అసెంబ్లీ మాటే చెల్లుతుంది. మూడు రాజధానుల బిల్లుకు 2020 జులై 31న గవర్నర్ ఆమోదం వచ్చేసింది కూడా. తర్వాత దాన్ని నిలిపింది హైకోర్టు, మండలి కాదు. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాన్ని ఉపసంహరించుకుంది, 2022 మార్చి 3న తీర్పు వచ్చింది.

అంటే టీడీపీకి ఆ ఎత్తుగడ వల్ల దక్కింది ఆరు నెలల ఆలస్యం. పోగొట్టుకుంది ఏమిటంటే, ఎగువసభలో ప్రతిపక్షం ఎంతవరకు వెళ్లొచ్చు అనే హద్దు.

గాజువాక_వాయిస్

పెద్దలంతా పుస్తకాల్లో మాటలు చెబుతున్నారు. ఓట్ల లెక్క చూద్దాం. వైసీపీ 2017 నవంబరు నుంచి అసెంబ్లీ గడప తొక్కలేదు. ఫలితం 2019లో 151 సీట్లు. చంద్రబాబు గారు 2021 నవంబరు 19న సభ నుంచి బయటికొచ్చేసి, ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానన్నారు. ఫలితం 2024లో టీడీపీకి 135. బీజేపీ 2010 శీతాకాల సమావేశాలు మొత్తం 2జీ స్పెక్ట్రమ్ కుంభకోణం మీద జేపీసీ (సంయుక్త పార్లమెంటరీ సంఘం) కోసం ఆపేసింది. జేపీసీ వచ్చింది, 2014లో అధికారమూ వచ్చింది. ఎక్కడ ఎదురు తిరిగింది? సభలో కూర్చుని సవరణలు రాసినవాణ్ని జనం గుర్తుపెట్టుకుంటారా? ఆ పని చేసిన వామపక్షాల వాళ్లు ఇవాళ సభలో ఒక్కరు లేరు.

సీతమ్మధార_సత్యం

వాయిస్ గారి ప్రశ్న గట్టిది. తేలిగ్గా కొట్టిపారేయను. అడ్డుకున్నవాళ్లు గెలిచిన మాట నిజమే. కానీ మీ లెక్కను ఇంకో గడి ముందుకు జరపండి. 2014లో 102తో గెలిచిన టీడీపీ 2019లో 23. 2019లో 151తో గెలిచిన వైసీపీ 2024లో 11. ఓటమికి వంద కారణాలుంటాయి, ఒక్క సభా బహిష్కరణే అనను. కానీ ఏళ్ల తరబడి సభ బయట గడిపిన పార్టీ లోపలికొచ్చేసరికి దగ్గర ఏముంటుంది? నినాదాలుంటాయి, తీర్చలేని హామీలుంటాయి. శాఖల గురించి తెలిసినవాళ్లు తక్కువ. అధికారులు పెట్టిన ఫైలు మీద ప్రశ్న అడగాలన్నా అంతకుముందు ఐదేళ్లు ఆ లెక్కలు చూసి ఉండాలి కదా.

ఇంకో విషయం. 2019 జూన్‌లో కొత్త అసెంబ్లీలో జగన్ గారు, టీడీపీ నుంచి ఐదుగురు వస్తే చంద్రబాబుకు ప్రతిపక్ష హోదా కూడా ఉండదని సభలోనే గుర్తు చేశారు. పదో వంతు సభ్యులుండాలన్న లెక్క అది. ఐదేళ్ల తర్వాత ఆ లెక్కే ఆయన పార్టీకి వర్తించింది. 175లో 18 కావాలి, 11 ఉన్నాయి. స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారు, మన నర్సీపట్నం వారే, 2025 మార్చిలో హోదా ఇవ్వడం కుదరదని రూలింగ్ ఇచ్చారు. హోదా ఇవ్వకపోతే రామని వైసీపీ బయట ఉండిపోయింది. ఆ సభలో మన ఉత్తరాంధ్ర తాగునీటి గురించి, పోలవరం ఎడమ కాలువ గురించి ప్రభుత్వాన్ని నిలదీయాల్సినవాళ్లు లేరు. నాకు ఏ పార్టీ మీదా మమకారం లేదు, ఆ ఖాళీ కుర్చీలు చూస్తే మాత్రం కడుపు మండుతుంది.

కంచరపాలెం_రావు

పెద్ద సభల సంగతి మీరు చెప్పారు. చిన్న సభలో నేను కళ్లారా చూసింది చెబుతాను. ఉత్తరాంధ్రలో ఒక మున్సిపాలిటీలో చాలా ఏళ్లు కౌన్సిల్ సెక్షన్‌లో పనిచేశాను. ఊరి పేరు రాయను.

కౌన్సిల్ సమావేశం అంటే బయటికి కనిపించేది గొడవ. మాకు కనిపించేది అజెండా. ఒక్కో అంశం కింద కమిషనర్ నోట్, ఇంజనీరింగ్ వాళ్ల అంచనా, టెండర్లలో ఎవరెంత కోట్ చేశారో పట్టిక. రాత్రుళ్లు కూర్చుని టైపు చేసి, కుట్టి, ఒక్కో కౌన్సిలర్ ఇంటికి పంపేవాళ్లం. ఆ రోజుల్లో ప్రతిపక్ష కౌన్సిలర్లు మొదటి అంశం చదవగానే లేచి పోడియం దగ్గరికి వచ్చేసేవారు. అజెండా చించి గాల్లోకి విసిరేవారు. ఫొటోలు అయిపోయేవి. ఆ గోలలో చైర్‌పర్సన్ గారు అన్ని అంశాలూ ఆమోదం అని ఒక్క మాట అని బెల్ కొట్టి లేచిపోయేవారు. మినిట్స్‌లో ప్రతి అంశం కిందా "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసేవాళ్లం. డీసెంట్ నోట్, అంటే రాతపూర్వక అసమ్మతి, ఎవరూ ఇవ్వలేదు కాబట్టి అలాగే రాయాలి. డీసెంట్ ఇవ్వాలంటే ముందు ఆ అంశం చదవాలి, చదవాలంటే కాగితం చేతిలో ఉండాలి.

అలా దాటిపోయిన వాటిలో వీధిలైట్ల నిర్వహణ కాంట్రాక్ట్ ఒకటి. లైటు వెలగకపోతే ఎన్ని రోజుల్లో బాగుచేయాలి, చేయకపోతే కోత ఎంత అన్న క్లాజు చాలా వదులుగా ఉంది. గడువు మాత్రం ఏళ్ల తరబడి. చదివినవాడెవడైనా పట్టుకునేవాడు. తర్వాతి ఎన్నికల్లో కాగితాలు చించినవాళ్లే గెలిచారు. కొత్త చైర్‌పర్సన్ వచ్చిన కొద్ది రోజులకే వీధులు చీకటిగా ఉన్నాయని జనం ఆఫీసు ముందు కూర్చున్నారు. ఆయన ఆ ఫైలు తెప్పించి, ఇంత దిక్కుమాలిన కాంట్రాక్ట్‌కు ఎవరు ఒప్పుకున్నారని కోపంగా అడిగారు. మినిట్స్ బుక్కు తెరిచి ముందు పెట్టాం. హాజరు పట్టీలో ఆయన సంతకం ఉంది, కింద ఏకగ్రీవం అని ఉంది. కాంట్రాక్టర్ కోర్టుకెళ్తే ఆ పేజీయే చూపిస్తాడని లీగల్ అడ్వైజర్ చెప్పారు. చేసేదేమీ లేక గడువు తీరేదాకా బిల్లులు పాస్ చేశారు.

ఇక కొత్త ప్రతిపక్షం, అంటే పాత అధికారపక్షం, మొదటి సమావేశం నుంచే పోడియం ఎక్కింది. ఆపండని ఈయన చేతులు జోడించి అడిగేవారు.

ఎంవీపీ_పద్మజ

రావు గారూ, మీరు రాసింది నా క్లాసులో చదివి వినిపిస్తాను, అభ్యంతరం లేదు కదా. ఎదురుదెబ్బ అంటే ఓట్లు పోవడం ఒకటే కాదని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా ఇంత బాగా అర్థం కాదు.

ఇలాంటిదే దేశస్థాయిలో ఒకటి మన పొరుగునే ఉంది. రణస్థలం దగ్గర కొవ్వాడ. ఆరు అమెరికన్ రియాక్టర్లు అక్కడ పెట్టాలన్నది ఏళ్లనాటి ప్రణాళిక. 2010లో యూపీఏ అణు ప్రమాద బాధ్యత చట్టం తెచ్చినప్పుడు, బీజేపీ, వామపక్షాలు గట్టిగా పట్టుబట్టి 17(బి) సెక్షన్‌ను బిగించాయి. పరికరం లోపం వల్ల ప్రమాదం జరిగితే రియాక్టర్ నడిపే సంస్థ ఆ నష్టాన్ని సరఫరాదారు నుంచి రాబట్టుకోవచ్చన్నది దాని సారం. అంతకు రెండు నెలల ముందే భోపాల్ కేసు తీర్పు వచ్చింది, దేశమంతా మండిపడుతోంది. 2014లో బీజేపీయే అధికారంలోకి వచ్చింది. ఆ సెక్షన్ ఉన్నంతకాలం విదేశీ కంపెనీలు కదలలేదు. 1,500 కోట్ల బీమా నిధి పెట్టారు, వివరణలు ఇచ్చారు, పని జరగలేదు. చివరికి 2025 డిసెంబరులో ఆ చట్టాన్నే రద్దు చేసి కొత్తది తెచ్చారు.

ఇక్కడ నా మనసు రెండుగా ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ గ్యాస్‌కు వెంకటాపురం రోడ్ల మీద జనం ఎలా కుప్పకూలారో చూసిన ఊరు మనది. బాధ్యత కంపెనీల మీద ఉండాలన్న మాట నూటికి నూరుపాళ్లు సరైనది. నా అభ్యంతరమల్లా, అంత మంచి నిబంధనను అప్పట్లో ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టే సాధనంగానే చూశారా అన్నది. నిజంగా నమ్మి ఉంటే అధికారంలోకి వచ్చాక దాన్ని కాపాడేవారు.

జీఎస్టీ ఇంకా స్పష్టం. 2006 బడ్జెట్‌లో చిదంబరం 2010 ఏప్రిల్ నుంచి అన్నారు. 2011లో రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు. గుజరాత్, మధ్యప్రదేశ్ లాంటి బీజేపీ రాష్ట్రాలు ఒప్పుకోలేదు, బిల్లు ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. 2014 తర్వాత బీజేపీ అదే పన్నును తన సంస్కరణగా తెస్తే, రాజ్యసభలో కాంగ్రెస్ అడ్డుపడింది. 2015 వర్షాకాల సమావేశాలు లలిత్ మోదీ, వ్యాపం గొడవలతో కొట్టుకుపోయాయి, 25 మంది కాంగ్రెస్ ఎంపీలను స్పీకర్ సస్పెండ్ చేశారు. సభను అడ్డుకోవడం కూడా ప్రజాస్వామ్యంలో భాగమేనని 2జీ రోజుల్లో వాదించిన అరుణ్ జైట్లీ గారే, ఆర్థికమంత్రిగా అదే సభలో ఆ బిల్లు కోసం పాట్లు పడ్డారు. 2016 ఆగస్టు 3న రాజ్యసభ దాటింది, 2017 జులై 1న అమల్లోకి వచ్చింది. తొలి గడువుకు ఏడేళ్ల తర్వాత.

డల్లాస్_మహారాణిపేట

పద్మజ గారూ, నేను ఉండేది డల్లాస్‌లో. ఇక్కడా ఇదే తంతు. 2010లో ఒబామా ఆరోగ్య బీమా చట్టం వచ్చాక, ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు దాన్ని పూర్తిగానో కొంతగానో తీసేయాలని యాభైసార్లకు పైగా ఓటేశారు. ఒబామా సంతకం పెట్టడని తెలుసు కాబట్టి ధైర్యంగా వేశారు. 2017లో అధ్యక్షుడు వాళ్లవాడే, రెండు సభలూ వాళ్లవే. అప్పుడు తేలింది, దాని స్థానంలో ఏం పెట్టాలో వాళ్లలో వాళ్లకే ఒప్పందం లేదని. జులై 28న సెనేట్‌లో 49-51తో వీగిపోయింది. జాన్ మెక్‌కెయిన్‌తో కలిపి సొంత పార్టీవాళ్లు ముగ్గురు అటు వేశారు.

ఇంకొకటి. 2023 జనవరిలో కెవిన్ మెకార్తీకి స్పీకర్ పదవి రావడానికి 15 రౌండ్ల ఓటింగ్ పట్టింది. మొండికేసిన సొంత సభ్యులను ఒప్పించడానికి, ఏ ఒక్క సభ్యుడైనా స్పీకర్‌ను దించే తీర్మానం పెట్టొచ్చని ఒప్పుకున్నారు. అక్టోబరు 3న ఆ తీర్మానంతోనే 216-210తో పదవి పోయింది. ఆ దేశ చరిత్రలో అలా దిగిపోయిన మొదటి స్పీకర్ ఆయనే. అడ్డుకోవడం నేర్పి పెంచిన సభ్యులు, అధికారం రాగానే మాట వింటారనుకోవడం పొరపాటు.

డెమొక్రాట్లనూ వదలకూడదు. నియామకాలను రిపబ్లికన్లు అడ్డుకుంటున్నారని 2013 నవంబరులో సెనేట్‌లో 60 ఓట్ల అవసరాన్ని సుప్రీంకోర్టు తప్ప మిగతా పదవులకు తీసేశారు. 2017లో రిపబ్లికన్లు సుప్రీంకోర్టుకు కూడా తీసేసి, ట్రంప్ మొదటి నాలుగేళ్లలో ముగ్గురు జడ్జీలను కూర్చోబెట్టారు.

ఉక్కునగరం_అప్పారావు

డల్లాస్ గారి మొదటి ఉదాహరణ చదివితే మన కరెంటు బిల్లు గుర్తొచ్చింది. 2022లో టీడీపీ "బాదుడే బాదుడు" అని వీధివీధినా తిరిగింది. మా క్వార్టర్స్ గేటు దగ్గరికీ వచ్చారు. స్మార్ట్ మీటర్లు బిగిస్తే పగలగొట్టమని కూడా వాళ్ల నాయకులు పిలుపునిచ్చారు. 2024 చివర్లో వాళ్ల ప్రభుత్వంలోనే సర్దుబాటు చార్జీలు బిల్లులో కలిశాయి. పాత ప్రభుత్వం కాలం నాటి బకాయి అని వాళ్లు చెప్పిన దాంట్లో నిజముంది. కానీ ఎవరు వింటారు? అప్పుడు చార్జీలు వేసిన వైసీపీ, డిసెంబరు 27న చార్జీలకు వ్యతిరేకంగా రోడ్డెక్కింది. మీటర్లు బిగించడం మొదలుపెట్టాక, పగలగొట్టమన్న మాటను వామపక్షాలు గుర్తు చేస్తున్నాయి.

సర్దుబాటు చార్జీ ఎలా పుడుతుంది, బొగ్గు ధర పెరిగితే ఎవరు భరించాలి, విద్యుత్ నియంత్రణ మండలి విచారణలో ఎవరు ఏం చెప్పారు అన్నది 2022లోనే జనానికి విడమర్చి చెప్పి ఉంటే, 2024లో ఆ మాటే వాళ్లను కాపాడేది. అప్పుడు చెప్పలేదు. ఆ సంగతి ఒప్పుకుంటాను.

కానీ లాయర్ గారూ, నా మొదటి మాట వదలను. సభలో కూర్చుని మాట్లాడితే వినే దిక్కేది? 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు చట్టాల మీద ఓటింగ్ అడిగితే మూజువాణి ఓటుతో అయిపోయిందన్నారు, ఎనిమిది మందిని సస్పెండ్ చేశారు. 2023 డిసెంబరులో రెండు సభల్లో కలిపి 146 మందిని బయటికి పంపారు. అడ్డుకోవడానికి ముందు, మాట్లాడనివ్వకపోవడం ఉంది.

భీమిలి_లాయర్

అప్పారావు గారి మాటకు నేను జోడించేది ఒకటుంది. 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) వచ్చాక విప్, అంటే పార్టీ ఆదేశం, దాటి ఓటేస్తే సభ్యత్వం పోతుంది. అంటే ప్రతిపక్ష సభ్యుడు ఎంత బాగా మాట్లాడినా అధికారపక్షంలో ఒక్క ఓటు కదలదు. ఓటు కదలనప్పుడు మిగిలేది గొంతు, గొంతు వినపడనప్పుడు మిగిలేది పోడియం. ఫిరాయింపులు ఆపడానికి తెచ్చిన చట్టం ఫిరాయింపులను ఆపలేదు. 2014 తర్వాత 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు పార్టీ మారారు. మాటకు మాత్రం విలువ తీసేసింది.

ఓటింగ్‌తో సంబంధం లేకుండా పని జరిగే చోటు కమిటీ గది. పార్లమెంటులో 1993 నుంచి శాఖలవారీ స్థాయీ సంఘాలున్నాయి. 15వ లోక్‌సభలో పదింట ఏడు బిల్లులు వాటికి వెళ్లాయి. 17వ లోక్‌సభకు అది ఆరింట ఒకటికి పడిపోయింది. కేరళ అసెంబ్లీలో 1980 నుంచే సబ్జెక్ట్ కమిటీలున్నాయి, బిల్లు వాటిమీదుగా వెళ్లాల్సిందే. మన దగ్గర పెట్టిన రోజే ఆమోదమైన బిల్లులు బోలెడు. మూడు రాజధానుల చట్టం ఉపసంహరణ కూడా అసెంబ్లీలో ఒక్క రోజులో అయిపోయింది.

గాజువాక_వాయిస్

సరే, కమిటీ అన్నారు. ప్రతిపక్షానికి అక్కడ పనిచేస్తే ఏం లాభం? టీవీ రాదు, ఫోన్లో వీడియో తిరగదు. లాభం చూపించకుండా ఏ పార్టీ చేస్తుంది?

ఎంవీపీ_పద్మజ

లాభం కనిపించేలా నియమాలు పెట్టిన చోట్లు ఉన్నాయి. బ్రిటన్ కామన్స్ సభలో ఒక్కో పార్లమెంటు సెషన్‌లో 20 రోజులు ప్రతిపక్షానివి. ఏం చర్చించాలో వాళ్లే నిర్ణయిస్తారు, ప్రభుత్వం కూర్చుని వినాలి, ఓటింగ్ కూడా ఉంటుంది. ఆ రోజుల కోసమైనా సభ నడవాలని ప్రతిపక్షమే కోరుకుంటుంది. జర్మనీలో ఛాన్సలర్‌ను దించాలంటే ఊరికే అవిశ్వాసం పెట్టడానికి లేదు, ఆయన స్థానంలో ఎవరో పేరు చెప్పి గెలిపించాలి. రాజ్యాంగంలో 67వ అధికరణం. అలా ఇప్పటికి ఒక్కసారే నెగ్గింది, 1982లో ష్మిత్ స్థానంలో కోల్ వచ్చినప్పుడు. వద్దనే ముందు, తమకేం కావాలో చెప్పక తప్పదు.

2018లో మన అవిశ్వాసం ఎలా నడిచిందో గుర్తుందా? మార్చిలో వైసీపీ, టీడీపీ పోటాపోటీగా నోటీసులిస్తే, వేరే రాష్ట్రాల పార్టీల నినాదాల వల్ల సభ సజావుగా లేదని స్పీకర్ రోజూ వాయిదా వేశారు. మన గొంతు వినపడకుండా చేసింది ఇంకొకరి గొడవ. చర్చ జులై 20న జరిగింది, 325-126తో వీగిపోయింది. అప్పటికి వైసీపీ ఎంపీలు రాజీనామా చేసి సభలోనే లేరు.

ఏయూ_స్టూడెంట్

మేడమ్, రావు గారూ, మా వయసువాళ్ల తరఫున ఒకటి అడుగుతాను. మాకు అసెంబ్లీ అంటే తెలిసింది ముప్పై సెకన్ల క్లిప్పులే. ఇవాళ ఈ చర్చ చదివాక నాకు తెలియాల్సింది ఒకటే: మా ఎమ్మెల్యే ప్రతిపక్షంలో ఉండగా ఏ ప్రశ్న వేశారు, అధికారంలోకి వచ్చాక దానికి ఏం జవాబిచ్చారు? ఇది మామూలు మనిషి తెలుసుకోగలడా?

కంచరపాలెం_రావు

తెలుసుకోవచ్చు బాబూ. అసెంబ్లీ చర్చల రికార్డు అచ్చవుతుంది, ప్రశ్నోత్తరాలు విడిగా ఉంటాయి. మున్సిపల్ కౌన్సిల్ అయితే మినిట్స్ కాపీకి సమాచార హక్కు కింద అర్జీ పెట్టు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. అర్జీలో "సమావేశం వివరాలు" అని రాయకు, తేదీ, అంశం నంబరు, "డీసెంట్ నోట్లు ఉంటే వాటి కాపీలు" అని రాయి. లేకపోతే మావాళ్లు ఒక పేజీ ఇచ్చి పంపేస్తారు.

ఉక్కునగరం_అప్పారావు

రావు గారూ, ఇది మాకూ పనికొస్తుంది. ప్రతిపక్షంలో ఉండగా మా శిబిరానికి వచ్చి మైకు పట్టుకున్న ప్రతి పార్టీ సొంత ఇనుప గనులు ఇప్పిస్తామంది, కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌లో కలిపిస్తామంది. వాళ్లలో కొందరు ఇప్పుడు అధికారంలో ఉన్నారు. గనులు ఇంకా లేవు. శిబిరంలో అన్న మాటల వీడియోలు మా దగ్గరున్నాయి. ఆ మాట సభలో ఎవరెవరు, ఏ తేదీన ఎత్తారో రికార్డు తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి ఫ్లెక్సీ వేస్తాం. ఏ పార్టీనీ వదలం. స్టూడెంట్ బాబూ, వెతికిపెట్టే ఓపిక ఉంటే ఆదివారం కూర్మన్నపాలెం రా.